చైనా బాలింత పథ్యం: పెట్టేదేమిటి, మానిపించేదేమిటి?

బిడ్డను కన్న తర్వాత చైనాలో చాలామంది స్త్రీలు నెల రోజులపాటు ఇల్లు కదలరు. చన్నీళ్లు ముట్టరు, చలిగాలి తగలనివ్వరు. పచ్చి కూరగాయలకు, పండ్లకు దూరంగా ఉంటారు. అల్లం దట్టంగా వేసి ఉడికించిన కోడి, బెల్లం కలిపిన కొర్రజావ, పంది కాళ్ల సూపు, గుడ్లు వారి ప్రధాన ఆహారం. ఈ ఆచారాన్ని 'జువో యుయేజి' అంటారు. ఆ మాటకు 'నెల కూర్చోవడం' అని అర్థం. పేరులో నెల అని ఉన్నా, చాలా ఇళ్లలో ఇది 40 రోజుల దాకా సాగుతుంది. చైనాలోనే కాదు, తైవాన్, హాంకాంగ్, సింగపూర్, మలేసియాల్లోని చైనా కుటుంబాలూ, అమెరికాకు వలస వెళ్లినవారూ దీన్ని ఏదో ఒక రూపంలో పాటిస్తున్నారు.

ఇది శాస్త్రీయమా, మూఢనమ్మకమా అని ఒక్క మాటలో తేల్చమంటే సమాధానం దొరకదు. ఈ పథ్యాన్ని మలిచింది ఒక్క నమ్మకం మాత్రమే కాదు. శరీరం గురించిన పాత సిద్ధాంతం, ఆ నేలలో పండే పంట, ఇంట్లో పెత్తనం ఎవరిదన్న సంగతి, ఇంటి ఆర్థిక స్థితి అన్నీ కలిసి బాలింత కంచంలో ఏముండాలో నిర్ణయించాయి. అందుకే ఇందులో ఏమి పెడుతున్నారు, ఏమి మానిపిస్తున్నారు అన్నవి రెండూ విడివిడిగా చూడాలి.

వేడి, చలువల లెక్క

సంప్రదాయ చైనా వైద్యం ఆహారపదార్థాలకు నాలుగు స్వభావాలు చెబుతుంది: వేడి, వెచ్చన, చల్లన, అతి చల్లన. థర్మామీటరుతో కొలిచే ఉష్ణోగ్రతకు వీటితో సంబంధం లేదు. తిన్న తర్వాత ఒంట్లో ఎలాంటి ప్రభావం కలిగిస్తుందన్నదాన్ని బట్టి చేసిన వర్గీకరణ ఇది. మామిడిపండు వేడి చేస్తుందనీ, మజ్జిగ చలువ చేస్తుందనీ అనుకునే తెలుగు పాఠకులకు ఈ ఆలోచన కొత్తగా అనిపించదు. అయితే ఏ పదార్థం ఏ వర్గంలోకి వస్తుందన్నది రెండు చోట్లా ఒకేలా ఉండదు.

ఈ సిద్ధాంతం ప్రకారం రక్తం వెచ్చదనాన్ని ఇస్తుంది. కాన్పులో రక్తం పోవడంతో శరీరం డొల్లబారి, చల్లబడుతుంది. ఆ సమయంలో చల్లని పదార్థం తింటే రక్తం గడ్డకట్టి లోపలే నిలిచిపోతుందనీ, బయటి చలి కీళ్లలోకి దిగి ముసలితనంలో నొప్పులుగా బయటపడుతుందనీ నమ్మకం. కాబట్టి అల్లం, నువ్వుల నూనె, బియ్యపు సారా, కోడిమాంసం, బెల్లం వంటి 'వెచ్చని' పదార్థాలు పెట్టాలి. దోసకాయ, పుచ్చకాయ, బేరిపండు, పెసలు, పీత వంటి 'చల్లని' పదార్థాలు మానిపించాలి.

ఈ ఆలోచన చాలా పాతది. ఏడో శతాబ్దపు వైద్యుడు సున్ సిమియావో స్త్రీల వ్యాధులకు తన గ్రంథంలో ప్రత్యేక స్థానం ఇచ్చి, కాన్పు తర్వాత వంద రోజులు జాగ్రత్తగా ఉండాలని హెచ్చరించాడు. 1237లో చెన్ జిమింగ్ స్త్రీల వైద్యంపై ఒక పెద్ద సంకలనాన్ని తయారుచేశాడు.

ఆధునిక వైద్యం ఈ దశను మరో భాషలో వివరిస్తుంది. మామూలు కాన్పులో 500 మిల్లీలీటర్ల వరకు రక్తం పోవచ్చు. కాన్పు అయిన వెంటనే దాదాపు కిలో బరువుండే గర్భాశయం ఆరు వారాల్లో 100 గ్రాముల లోపుకు కుంచించుకుపోతుంది. ఆ ఆరు వారాలూ, అంటే 42 రోజులు, తల్లి కోలుకునే కాలం. నెల నుంచి 40 రోజులన్న సంప్రదాయ గడువు దీనికి దగ్గరగానే ఉంది. రక్తం ఎందుకు పోతుంది, చలి ఎక్కడి నుంచి వస్తుంది అన్న వివరణ సరైనది కాకపోయినా, తల్లికి ఈ రోజుల్లో విశ్రాంతి, బలమైన తిండి అవసరమన్న గమనింపు సరైనదే.

ఊరు మారితే వంట మారుతుంది

వేడి, చలువల సిద్ధాంతం చైనా అంతటా ఒకటే. వంటలు మాత్రం ఒకటి కావు. ఎక్కడ ఏది దొరికితే అదే ఆ ప్రాంతంలో బాలింతకు పథ్యమైంది.

చలి, పొడి వాతావరణం ఉన్న ఉత్తర చైనాలో బాలింతకు మొదట పెట్టేది కొర్రజావ. కొర్రలు అక్కడే వేల ఏళ్ల కిందట సాగులోకి వచ్చాయి. చెరకు రసం కాచి చేసే 'ఎర్ర చక్కెర' మన బెల్లం లాంటిదే. దాన్ని జావలో కలిపి, పక్కన ఉడికించిన గుడ్లు పెడతారు. దక్షిణాన గ్వాంగ్‌డాంగ్‌లో, హాంకాంగ్‌లో పంది కాళ్లు, పెద్ద పెద్ద అల్లం ముక్కలు, ఉడికించి వలిచిన గుడ్లు కలిపి తియ్యటి నల్ల వెనిగర్‌లో గంటల తరబడి కాస్తారు. ఆ కుండలోది బాలింతతో పాటు చూడవచ్చిన చుట్టాలకూ పెడతారు. ఫుజియాన్‌లో ఎర్రని బియ్యపు సారాలో కోడిని వండుతారు. నదులు, చెరువులు ఎక్కువగా ఉన్న యాంగ్జీ దిగువ ప్రాంతంలో కార్ప్ జాతి చేపను తెల్లగా పాలలా అయ్యేదాకా మరిగించిన సూపు, పంది కాళ్లూ వేరుశనగలూ కలిపిన సూపు పాలు పడటానికని ఇస్తారు. మన బొచ్చె, శీలావతి కూడా కార్ప్ కుటుంబంలోవే.

తైవాన్‌లో వారాలవారీ క్రమం ఉంది. మొదటి వారం పంది కాలేయం, రెండో వారం మూత్రపిండం, ఆ తర్వాత నువ్వుల నూనె, అల్లం, బియ్యపు సారాతో వండిన కోడి. కొన్ని ఇళ్లలో మంచినీళ్లు కూడా ఇవ్వరు. బియ్యపు సారాను మరిగించగా మిగిలిన నీటినే తాగిస్తారు.

దాదాపు ప్రతి ప్రాంతంలోనూ కనిపించేవి ఎండు రేగుపండ్లు, గోజి పండ్లు, 'దాంగ్ గుయ్' అనే కొత్తిమీర కుటుంబపు మొక్క వేరు. ఈ వేరు ప్రధానంగా ఉండే 'షెంగ్ హువా' కషాయాన్ని గర్భాశయం శుభ్రపడటానికని కాన్పయిన కొద్ది రోజుల్లోనే తాగిస్తారు. రేగుపండు, బెల్లం, ఎర్ర సారాలను రక్తం పట్టేందుకు ఇవ్వడంలో రంగుకూ పాత్ర ఉంది. ఎర్రనిది రక్తాన్ని పెంచుతుందన్నది పాత పోలిక. నిజానికి ఎండు రేగుపండులోని ఇనుము చాలా తక్కువ. తైవాన్ బాలింత మొదటి వారం తినే కాలేయంలో ఇనుము ఎక్కువగా ఉంటుంది, అది ఒంటికి తేలిగ్గా పడుతుంది కూడా.

కంచంలో ఏముండాలో ఎవరు చెబుతారు?

ఈ నెలంతా వంటింటి పెత్తనం మామూలుగా అత్తగారిది. కోడలికి ఏమి పెట్టాలి, ఏమి పెట్టకూడదు అన్నది ఆమె నిర్ణయిస్తుంది. పుట్టింటికి వెళ్లే అలవాటు ఉన్నచోట తల్లి చూసుకుంటుంది. చదువుకున్న యువతులు అన్నీ నమ్మకపోయినా, పెద్దవారి మాట కాదనలేక పాటించడం సర్వసాధారణం. తర్వాత ఎప్పుడు కీళ్లు నొప్పిపెట్టినా 'అప్పుడు నెల సరిగా కూర్చోలేదు' అన్న మాట వస్తుందన్న భయం ఉంటుంది.

ఇందులో మరో కోణం కూడా ఉంది. 1978లో మానవశాస్త్రవేత్త బార్బరా పిల్స్‌బరీ ఈ ఆచారంపై రాసిన వ్యాసం తర్వాతి పరిశోధకులకు దారి చూపింది. ఆంక్షలను జాబితా చేయడంతో సరిపెట్టకుండా, ఆ రోజుల్లో స్త్రీకి దక్కే విశ్రాంతినీ సేవనూ ఆమె వ్యాసం పట్టించుకుంది. పేద రైతు కుటుంబంలో కోడి, గుడ్లు పండుగకే కనిపించేవి. ఏడాది పొడవునా అందరి తర్వాత తినే కోడలికి ఆ ఒక్క నెల మాత్రం మంచి తిండి హక్కుగా దక్కేది. పొలం పని, నీళ్లు మోయడం తప్పేవి.

ఇప్పుడు నగరాల్లో ఈ పని సంస్థల చేతికి వెళుతోంది. బాలింతకూ బిడ్డకూ ఇంటికి వచ్చి సేవ చేసే 'యుయేసావో' అనే ఆయాలు ఉన్నారు. హోటల్ గదుల్లాంటి వసతితో నడిచే బాలింత కేంద్రాలు తైవాన్‌లోనూ చైనా పెద్ద నగరాల్లోనూ విస్తరించాయి. వాటిలో పోషకాహార నిపుణులు ఉంటారు, కూరగాయలూ పండ్లూ పెడతారు. వాటి ఖరీదు మాత్రం మామూలు కుటుంబాలకు అందనిది.

కుండలో జరిగే రసాయనం

పాలిచ్చే తల్లికి మామూలు కంటే రోజుకు దాదాపు 500 కిలోకేలరీలు అదనంగా కావాలి. ప్రొటీన్, కాల్షియం, అయోడిన్, బి విటమిన్లు కూడా ఎక్కువ కావాలి. గుడ్లు, కోడి, చేప, కాలేయం, నువ్వులు, వేరుశనగలు ఈ అవసరాల్లో చాలావాటిని తీరుస్తాయి. ఈ పథ్యంలో 'పెట్టే' భాగం బలమైనదని చెప్పడానికి కారణం ఇదే.

గ్వాంగ్‌డాంగ్ వెనిగర్ కుండనే తీసుకుంటే, ఎముకలోని కాల్షియం ఫాస్ఫేట్ ఖనిజం మామూలు నీటిలో ఎంత మరిగించినా పెద్దగా కరగదు. అందుకే మామూలు ఎముకల సూపులో కాల్షియం కొద్దిగానే ఉంటుంది. వెనిగర్‌లోని ఎసిటిక్ ఆమ్లం ఆ ఖనిజాన్ని కరిగించి కాల్షియాన్ని ద్రవంలోకి తెస్తుంది. పాలు తాగే అలవాటు తక్కువగా ఉన్న దక్షిణ చైనాలో ఇది పనికొచ్చే కాల్షియం వనరు. అదే కుండలో చర్మం, కీళ్లలోని కొల్లాజెన్ జెలటిన్‌గా మారి సూపు చిక్కబడుతుంది. అయితే జెలటిన్‌లో ట్రిప్టోఫాన్ అనే అవసరమైన అమైనో ఆమ్లం ఉండదు. ఆ లోటును కుండలోని గుడ్లు తీరుస్తాయి.

పాలు పెరుగుతాయని పెట్టే సూపుల సంగతి అంత స్పష్టంగా లేదు. పాల ఉత్పత్తికి ప్రధాన ప్రేరణ బిడ్డ చీకడమే. రొమ్ము ఎంత తరచుగా ఖాళీ అయితే అంతగా పాలు తయారవుతాయి. పాలు పెంచే మందులు, మూలికలు, ఆహారాలపై జరిగిన 41 క్లినికల్ ట్రయల్స్‌ను 2020లో కొక్రేన్ సమీక్ష పరిశీలించింది. వాటిపై గట్టి నిర్ధారణకు రావడానికి ఆధారాల నాణ్యత సరిపోదని తేల్చింది. చేపల సూపుతో నీరు, ప్రొటీన్ అందుతాయి. ఆ మేరకు తల్లికి మేలే.

జాగ్రత్త పడాల్సింది సారా విషయంలో. 'ఉడికితే అందులో మత్తు పోతుంది కదా' అని చాలామంది అనుకుంటారు. ఆల్కహాల్ 78 డిగ్రీల సెల్సియస్ దగ్గరే మరుగుతుంది. కానీ నీటితో కలిసి ఉన్నప్పుడు రెండూ కలిసే ఆవిరవుతాయి కాబట్టి, ఆల్కహాల్ మొత్తం ముందుగా వెళ్లిపోదు. అమెరికా వ్యవసాయ శాఖ పట్టికల ప్రకారం 15 నిమిషాలు ఉడికిన వంటకంలో సుమారు 40 శాతం, గంట ఉడికితే 25 శాతం, రెండున్నర గంటలు ఉడికితే 5 శాతం ఆల్కహాల్ మిగులుతుంది. మూత పెట్టిన కుండలో ఆవిరి బయటికి పోవడం ఇంకా తగ్గుతుంది.

తల్లి రక్తంలోని ఆల్కహాల్ దాదాపు అదే గాఢతలో పాలలోకి చేరుతుంది. పాలు దిగడానికి తోడ్పడే ఆక్సిటోసిన్ హార్మోన్‌ను కూడా అది అణచివేస్తుంది. సారాతో చేసిన బాలింత వంటకాలు తిన్న తల్లుల పాలలో ఆల్కహాల్ ఉందని తైవాన్ పరిశోధకులు 2005లో కొలిచి చూపారు. అంటే, పాలు పడాలని పెట్టే వంటకమే పాలు దిగడానికి అడ్డం రావచ్చు. దాంగ్ గుయ్ వేరు విషయంలోనూ జాగ్రత్త అవసరం. రక్తం గడ్డకట్టకుండా వాడే వార్ఫరిన్ వంటి మందుల ప్రభావాన్ని అది పెంచి రక్తస్రావానికి దారితీయవచ్చు.

మానిపించినవాటి మూల్యం

ఇక రెండో భాగం. చైనాలోని హుబేయ్ రాష్ట్రంలో 2,100 మంది స్త్రీలపై జరిగిన సర్వే 2006లో ప్రచురితమైంది. కాన్పు తర్వాతి రోజుల్లో వారిలో దాదాపు 18 శాతం మంది కూరగాయలు అసలు తినలేదు. దాదాపు 79 శాతం మంది పండ్లు ముట్టలేదు. సుమారు 76 శాతం మంది పాలు తాగలేదు. అంటే విటమిన్ సి, ఫోలేట్, పీచు, కాల్షియం అందించే పదార్థాలే తగ్గిపోయాయి. దీనికి తోడు రోజంతా మంచం మీదే ఉండటం, నీళ్లు తక్కువ తాగడం. కాన్పు తర్వాత మామూలుగానే ఇబ్బంది పెట్టే మలబద్ధకం, మొలలు ఇంకా పెరగడానికి ఇవి చాలు.

తల్లి మానేసిన దాని ప్రభావం బిడ్డ దాకా వెళ్లే సందర్భాలూ ఉన్నాయి. వాటిలో బాగా తెలిసినది విటమిన్ బి1, అంటే థయమిన్ లోపం. ఒంట్లో దీని నిల్వ కొద్ది వారాలకే సరిపోతుంది. తల్లి తిండిలో తగ్గితే పాలలోనూ తగ్గుతుంది. పైకి ఆరోగ్యంగా కనిపించే తల్లి పాలు తాగుతున్న రెండు మూడు నెలల బిడ్డ ఉన్నట్టుండి పాలు మానేసి, గొంతు పోయి, గుండె విఫలమై గంటల్లో ప్రాణం కోల్పోవచ్చు. ఇదే శిశు బెరిబెరి. సకాలంలో గుర్తించి థయమిన్ ఇంజెక్షన్ ఇస్తే గంటల్లోనే తేరుకుంటుంది.

తెల్లబియ్యం ప్రధాన ఆహారమైన ప్రాంతాలన్నీ ఈ వ్యాధిని చూశాయి. హాంకాంగ్ శిశువుల్లో బి1 లోపం గురించి వైద్యురాలు ఫెహిలీ 1944లో రాశారు. దానికి మూడేళ్ల ముందు, 1941లో, కూనూరు పోషకాహార పరిశోధనశాలకు చెందిన డబ్ల్యు.ఆర్. అయక్రాయిడ్, బి.జి. కృష్ణన్ మద్రాసు ప్రెసిడెన్సీ బెరిబెరి ప్రాంతంలోని శిశుమరణాలపై అధ్యయనం ప్రచురించారు. ఆ ప్రాంతం నేటి కోస్తా ఆంధ్రే. ఉప్పుడు బియ్యానికి బదులు మరపట్టిన పచ్చి బియ్యం తినడమే అక్కడ బెరిబెరికి కారణమైంది. ఆ పరిశోధనశాలే తర్వాత హైదరాబాద్‌కు తరలి, జాతీయ పోషకాహార సంస్థ అయింది. చైనాకు పొరుగున ఉన్న లావోస్‌లో శిశు బెరిబెరి ఈ శతాబ్దంలోనూ కనిపిస్తోంది. అక్కడి బాలింతలు వారాల తరబడి తెల్లబియ్యం, ఇంకా కొద్దిపాటి పదార్థాలతోనే సరిపెట్టుకోవడం దీనికి ముఖ్య కారణమని పరిశోధనలు గుర్తించాయి.

ఈ పోలిక చైనా పథ్యం గురించి ఒక ముఖ్యమైన సంగతి చెబుతుంది. పంది మాంసం, కాలేయం, వేరుశనగలు, కొర్రలు తెల్లబియ్యంతో పోలిస్తే థయమిన్ ఎక్కువగా ఉన్నవి. అవి కంచంలో ఉన్నంతకాలం ఈ ప్రమాదం దూరంగా ఉంటుంది. అయితే కోడికీ కాలేయానికీ డబ్బు కావాలి. నిషేధానికి డబ్బు అక్కర్లేదు. ఉన్నవారి ఇంట్లో పథ్యమంటే సూపులు, మాంసం, గుడ్లు. లేనివారి ఇంట్లో అవి తగ్గిపోయి, 'ఇది తినకూడదు, అది తినకూడదు' అన్న జాబితా మాత్రం అలాగే మిగులుతుంది. ఒకే ఆచారం ఒక తల్లికి బలమిచ్చి, మరో తల్లిని బలహీనపరచడానికి కారణం ఇక్కడే ఉంది.

ఈ రోజుల్లో రెండో చివర కూడా సమస్య కనిపిస్తోంది. రోజూ మాంసం, గుడ్లు తినే కుటుంబాల్లోనూ కరువు కాలపు కొలతలతోనే వడ్డిస్తున్నారు. కొవ్వు తేలే సూపులు, బెల్లం, గుడ్లు అతిగా తిని, నెలంతా కదలకుండా ఉంటే కాన్పు బరువు తగ్గదు. గర్భంలో మధుమేహం వచ్చిన స్త్రీలకు ఇది మరింత హాని.

ఆచారం లోపలే మార్పు

చైనా పోషకాహార సంఘం 2022 మార్గదర్శకాల్లో బాలింతలకు ప్రత్యేక సూచనలు ఇచ్చింది. కాన్పు తర్వాత తిండిలో వైవిధ్యం ఉండాలి, అతిగా తినకూడదు, సమతుల ఆహారం ఆ ఒక్క నెలకే పరిమితం కాకుండా పాలిచ్చినంత కాలం కొనసాగాలి అన్నది దాని సారాంశం. మద్యానికి దూరంగా ఉండాలనీ, పాలు, కూరగాయలు, పండ్లు తీసుకోవాలనీ అది చెబుతుంది.

ఈ మాటను అత్తగారి చేత ఒప్పించడం కష్టమైన పనే. వేడి, చలువల లెక్కలోనే అందుకు కొంత వెసులుబాటు ఉంది. ఉడికించడంతో, అల్లం చేర్చడంతో పదార్థపు చల్లదనం తగ్గుతుందని ఆ సంప్రదాయమే అంటుంది. కాబట్టి పచ్చి ఆకుకూర వద్దన్న ఇంట్లో అల్లంతో నూనెలో మగ్గించిన ఆకుకూర ఒప్పుకుంటారు. పండు వద్దన్నవారు దాన్ని వేడినీటిలో ఉంచి ఇస్తే, లేదా ఆపిల్‌ను ఉడికించి ఇస్తే కాదనరు. చైనా ఇళ్లలో ఇప్పటికే ఇలా చేస్తున్నవారున్నారు. ఉడికిస్తే విటమిన్ సి కొంత పోతుంది. పీచు, ఖనిజాలు మాత్రం చాలావరకు మిగులుతాయి. సారాకు బదులు నీటితోనే కోడిని వండితే అల్లం, నువ్వుల నూనె రుచి అలాగే ఉంటుంది. బాలింతకు కాలేయం, గుడ్లు, చేప పెట్టే ఇంట్లో దేన్నీ తీసేయాల్సిన పని లేదు. ఆ కంచం పక్కనే ఒక గిన్నెడు ఆకుకూర, ఒక పండు, అడిగినప్పుడల్లా గోరువెచ్చని నీళ్లు చేరితే చాలు.